పాప్-అప్ హెడ్‌లైట్లు లేవట్లేదా? మోటరు విప్పేముందు వరుసగా చూసుకోవాల్సినవి

"అన్నా, ఒక లైటు లేస్తలేదు. మోటరు పోయిందంటున్నరు. కొత్తది ఏడ దొరుకుతది?"

పాప్-అప్ హెడ్‌లైట్లంటే మామూలుగా బాడీలో దాగి ఉండి, స్విచ్ వేస్తే పైకి లేచేవి. అవున్న పాత స్పోర్ట్స్ కార్ల గురించి నాకొచ్చే ఫోన్లలో సగం ఇట్లాగే మొదలవుతాయి. ప్రతిసారీ నేనడిగేది ఒక్కటే: చేత్తో తిప్పి చూశారా? చాలామంది చూసి ఉండరు. చేత్తో తిప్పవచ్చనే సంగతే కొందరికి తెలియదు. నా చేతికొచ్చిన వాటిలో మోటరు నిజంగా కాలిపోయినవి తక్కువ. ఎక్కువసార్లు దొరికింది తుప్పుపట్టిన ఎర్తు (కరెంటు బాడీ మీదుగా బ్యాటరీకి తిరిగిపోయే కనెక్షన్), గట్టిపడిన గ్రీజు, ఊడిన లింకు. వాటికి పెద్ద ఖర్చు లేదు, ఓపిక ఉంటే చాలు. అందుకే ఫోన్‌లో ముక్కలు ముక్కలుగా చెప్పేదంతా ఒక వరుసలో రాస్తున్నాను.

నేను ఎక్కువగా పనిచేసింది మా బావ ఇంగ్లండ్ నుంచి వస్తూ హనుమకొండకు తెచ్చుకున్న మొదటితరం మాజ్దా ఎం.ఎక్స్-5 మీద. 1989 నుంచి 1997 దాకా వచ్చిన తరం అది. భాగాల చోట్లు, కొలతలు దాన్నిబట్టే చెబుతున్నాను. ఒక్కో లైటుకు ఒక్కో మోటరున్న మిగతా జపాన్ కార్లకూ చాలావరకు ఇదే వరుస పనికొస్తుంది. పోర్షా 944లో మాత్రం రెండు లైట్లనూ ఒకే మోటరు లేపుతుంది. మూడోతరం కార్వెట్‌లో అసలు మోటరే ఉండదు, ఇంజిన్ వాక్యూమ్‌తో లేస్తాయి. అది వేరే పని, ఇక్కడ చెప్పడం లేదు.

## 1. లోపల జరిగేదేమిటి

ఇది తెలియకుండా పానా పట్టుకోవద్దు.

మోటరు షాఫ్టుకు ఒక చిన్న క్రాంకు చెయ్యి ఉంటుంది. దానికో లింకు రాడ్డు, ఆ రాడ్డు రెండో కొనకు లైటు ఫ్రేము. ఎం.ఎక్స్-5లో మోటరు ఎప్పుడూ ఒకే దిక్కుకు తిరుగుతుంది. క్రాంకు సగం చుట్టు తిరిగితే లైటు లేస్తుంది, మిగతా సగం తిరిగితే దిగుతుంది. ఎక్కడ ఆగాలో చెప్పేది మోటరు డబ్బాలోనే ఉన్న రాగి కాంటాక్టులు.

లైటు పూర్తిగా లేచినప్పుడూ, పూర్తిగా దిగినప్పుడూ క్రాంకు చెయ్యి, లింకు రాడ్డు ఒకే గీతలోకి వచ్చి తాళం వేసినట్టు నిలబడతాయి. అందుకే లేచిన లైటును అరచేత్తో నొక్కినా దిగదు. దిగకూడదు కూడా. "జామయింది" అనుకుని బలంగా నొక్కినవాళ్లు లింకు వంచుకోవడం నేను చూశాను.

## 2. పని మొదలుపెట్టేముందు

దగ్గర ఉంచుకోవాల్సినవి:

- మల్టీమీటరు, 12 వోల్టుల టెస్ట్ లాంపు
- 10, 12 నంబరు పానాలు, స్టార్, చదును స్క్రూడ్రైవర్లు
- వైరు బ్రష్షు, సన్నరకం ఎమరీ పేపరు
- కాంటాక్ట్ క్లీనరు లేదా ఐసోప్రొపైల్ ఆల్కహాల్
- తెల్ల లిథియం గ్రీజు, కొద్దిగా డైఎలక్ట్రిక్ గ్రీజు
- అదే రేటింగున్న స్పేర్ ఫ్యూజులు రెండు
- పాత నూలు బట్ట, మాస్కింగ్ టేపు, ఫొటోలకు ఫోను

వేళ్లు జాగ్రత్త. తాళంచెవి తీసేశాం కదా అనుకోవద్దు. ఈ మోటర్లకు బ్యాటరీ నుంచి నేరుగా కరెంటుండే కార్లు చాలా ఉన్నాయి. లైటు ఫ్రేముకూ బాడీకీ మధ్య వేలుపడితే మోటరు ఆగదు. లింకు దగ్గర చెయ్యి పెట్టేముందు ప్రతిసారీ రిట్రాక్టర్ ఫ్యూజు (లైట్లను లేపే మోటర్లకు కరెంటిచ్చేది) పీకి జేబులో వేసుకోండి. అక్కడే గట్టుమీద పెడితే ఎవరో ఒకరు "పడిపోయిందన్నా" అని తిరిగి పెట్టేస్తారు.

బ్యాటరీ నెగటివ్ తీయాలంటే ఎం.ఎక్స్-5లో బానెట్ కింద వెతకొద్దు, డిక్కీలో ఉంటుంది. మొదటిసారి మా దగ్గర ఇద్దరు మెకానిక్‌లు పావుగంట వెతికారు.

## 3. లక్షణాన్నిబట్టి దారి పట్టండి

మనిషినొకరిని లోపల కూర్చోబెట్టి స్విచ్ వేయించండి. మీరు ముందు నిలబడి కండ్లతో చూడండి, చెవులతో వినండి. రెండు నిమిషాల పని, రెండు గంటలు మిగులుతాయి.

- రెండూ లేవవు, చప్పుడూ లేదు: బ్యాటరీ, ఫ్యూజు, రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్ డబ్బా), స్విచ్. 4వ మెట్టు.
- ఒకటే లేవదు, చప్పుడు లేదు: ఆ పక్క ఎర్తు, కప్లరు (వైర్లను మోటరుకు కలిపే ప్లగ్గు), మోటరు లోపలి కాంటాక్టులు. 5, 6, 7 మెట్లు.
- మోటరు గుయ్యిమంటుంది, లైటు కదలదు: లింకు ఊడింది, లేదా క్రాంకు నట్టు వదులైంది, లేదా గేరు పండ్లు అరిగాయి. 5, 8 మెట్లు.
- సగంలో ఆగుతుంది, ఒకటి నిదానంగా లేస్తుంది: కరెంటు అందట్లేదు, లేదా ఎక్కడో పట్టేస్తోంది. 5వ మెట్టు, తర్వాత 6.
- ఆగకుండా లేస్తూ దిగుతూ ఉంటుంది: ఎక్కువగా మోటరు లోపలి కాంటాక్టులు, కొన్నిసార్లు రిలే. లైటు పైన ఉన్నప్పుడు ఫ్యూజు పీకేయండి. 7వ మెట్టు.
- లేచింది గాని వెలగదు: మోటరుతో సంబంధం లేదు. 9వ మెట్టు.
- వెలుగు ఆర్పినా దిగవు: ముందు డ్యాష్‌బోర్డు మధ్యలో హజార్డ్ పక్కనున్న లైటు బొమ్మ బటన్ చూడండి. వెలిగించకుండా లైట్లను లేపి ఉంచే బటన్ అది. నొక్కి ఉంటే ఇంకొకసారి నొక్కండి. ఈ ఒక్క బటన్ కోసం కరీంనగర్ నుంచి కారు తోలుకొచ్చినవాళ్లున్నారు.

## 4. బ్యాటరీ, ఫ్యూజు, రిలే

కారు రాత్రంతా ఆగి ఉన్నాక బ్యాటరీ మీద మీటరు పెట్టండి. 12.6 వోల్టుల దగ్గర ఉంటే బాగున్నట్టు. 12.2కు దిగితే సగం ఖాళీ. ఇంజిన్ నడుస్తున్నప్పుడు 13.8 నుంచి 14.4 మధ్య రావాలి. నెలకోసారి బయటికి తీసే కార్లలో ఒక లైటు బద్ధకంగా లేవడానికి తరచూ ఇదే కారణం. ఛార్జ్ చేసి మళ్లీ చూడండి, ఇంకేమీ విప్పొద్దు.

ఫ్యూజును కంటితో చూసి బాగుందనకండి. రెండు కాళ్ల మీదా టెస్ట్ లాంపు పెట్టండి, రెండువైపులా వెలగాలి. ఎం.ఎక్స్-5లో రిట్రాక్టర్ ఫ్యూజు 30 ఆంపియర్లది, బానెట్ కింద పెద్ద ఫ్యూజు డబ్బాలో ఉంటుంది. కాళ్లు నల్లబడ్డాయేమో, సాకెట్ వదులైందేమో చూడండి.

ఫ్యూజు కాలితే కొత్తది పెట్టి ఒక్కసారి ప్రయత్నించండి. మళ్లీ కాలితే మూడోది పెట్టొద్దు. ఎక్కడో వైరు బాడీకి తగులుతోంది, లేదా మోటరు బిగుసుకుపోయింది. మా బావ కారు కొన్నాళ్లు వేరేచోట ఆగినప్పుడు ఒకతను ఫ్యూజు కాళ్లకు రాగితీగ చుట్టి పంపించాడు. వైరు తోలు కరిగి పక్క వైరుకు అంటుకుంది. కారు కాలలేదంటే అదృష్టమే. దయచేసి తీగ చుట్టొద్దు, చుట్టనివ్వొద్దు.

రిలేకు వేలు ఆనించి స్విచ్ వేయించండి. "టక్" మనాలి. టక్‌మనలేదంటే దాని కాయిల్‌కు కరెంటు రావట్లేదు, లేదా కాయిల్ పోయింది. టక్‌మని కూడా అవతలికి కరెంటు పోలేదంటే లోపలి పాయింట్లు కాలాయి. రిలే మార్చేటప్పుడు కాళ్ల అమరిక పాతదానితో పోల్చి చూసుకోండి. మన బజార్‌లో దొరికే రిలేలు చూడ్డానికి ఒకేలా ఉన్నా లోపలి వైరింగ్ వేరుగా ఉండొచ్చు.

## 5. చేత్తో తిప్పి చూడటం

అసలు పరీక్ష ఇదే. మీటరు చెప్పనిది కూడా ఇది చెబుతుంది.

ఫ్యూజు పీకండి. మోటరు మీద రబ్బరు టోపీ ఉంటుంది. దాన్ని తీస్తే కింద చేతిగుబ్బ కనిపిస్తుంది. తేలిగ్గా తిరిగే దిక్కుకే తిప్పండి. చాలా చుట్లు పడతాయి, తొందరపడొద్దు. లైటు పూర్తిగా లేచి, పూర్తిగా దిగేదాకా తిప్పుతూ వేళ్లకు తగిలేది గమనించండి.

- మొదటినుంచి చివరిదాకా ఒకేలా, తేలిగ్గా: మెకానిజం బాగుంది. లోపం కరెంటులోనే.
- ఒకేచోట గట్టిపడి మళ్లీ వదులవుతుంది: లైటు మూత బానెట్‌కో బంపర్‌కో రాసుకుంటోంది, లేదా లింకు వంగింది.
- అంతటా బిగువే: పివట్‌లలో (లైటు ఫ్రేము తిరిగే కీళ్లలో) దుమ్ము, ఎండిన గ్రీజు.
- గుబ్బ తిరుగుతుంది, లైటు కదలదు: క్రాంకు నట్టు వదులు, గేరు అరుగుదల, లేదా లింకు ఊడింది.

మన దగ్గర మూడోది చాలా ఎక్కువ. గ్రానైటు లారీలు తిరిగే కరీంనగర్ దారుల్లో రేగే దుమ్ము పిండిలా మెత్తగా ఉంటుంది. పాత గ్రీజులో కలిసి ఎండిపోతే ఉలితో చెక్కాలనిపించేంత గట్టిపడుతుంది. దాన్ని తుడిచి, కడిగి, ఆరాక కొత్త గ్రీజు పెట్టాలి. పైపైన డబ్ల్యూడీ-40 కొడితే ఆ రోజుకు లేస్తుంది, తర్వాత ఇంకా దుమ్ము పట్టుకుంటుంది. కడగడానికి అది మంచిదే, గ్రీజు పని మాత్రం చేయదు.

## 6. ఎర్తు

మెకానిజం తేలిగ్గా తిరుగుతోంది, ఫ్యూజు బాగుంది, అయినా లైటు లేవట్లేదు. అప్పుడు నేను మొదట పోయేది ఎర్తు దగ్గరికి.

రెండేండ్ల కిందట లక్నవరం నుంచి వస్తుంటే ములుగు దాటేసరికి పొద్దుగూకింది. బావ స్విచ్ వేశాడు. కుడి కన్ను తెరుచుకుంది, ఎడమది రెండు వేళ్ల మందం లేచి ఆగింది. దారిపక్కన ఆపి చేత్తో తిప్పి లేపుకుని ఇంటికొచ్చాం. తెల్లారి ఆ మోటరు కప్లరులో ఎర్తు పిన్నుకు మీటరు నల్లతీగ కాదు, ఎర్ర తీగ ఆనించాను. నల్లతీగ బ్యాటరీ నెగటివ్‌కు పెట్టాను. స్విచ్ వేసి మోటరు కదలడానికి తన్నుకుంటున్నప్పుడు మీటరు 2.3 వోల్టులు చూపించింది. అంటే మోటరుకు అందాల్సిన దాంట్లో 2.3 వోల్టులు తిరుగుదారిలోనే పోతున్నాయి.

ఆ ఎర్తు వైరు బాడీకి బిగించిన బోల్టు పైకి చక్కగానే ఉంది. విప్పితే వైరు కొనకున్న రింగు కింద ఎర్రటి పొర, గోటితో గీకితే పొడిగా రాలింది. రింగును, కింది రేకును మెరిసేదాకా రుద్ది బిగించాక అదే పరీక్షలో 0.1 కూడా రాలేదు. లైటు ఠక్కున లేచింది. "మోటరు మార్చాల్సిందే" అని అప్పటికే ఇద్దరు చెప్పి ఉన్నారు.

మీరు చేయాల్సింది ఇదీ:

1. మీటరును డీసీ వోల్టుల మీద పెట్టండి.
2. నల్లతీగ బ్యాటరీ నెగటివ్‌కు. బ్యాటరీ డిక్కీలో ఉంటే పొడుగు వైరు కలుపుకోండి.
3. ఎర్రతీగ మోటరు కప్లరు వెనకనుంచి ఎర్తు పిన్నుకు. కప్లరు ఊడదీయొద్దు.
4. చేతులు లింకుకు దూరంగా పెట్టి స్విచ్ వేయించండి. మోటరు పనిచేస్తున్న ఆ క్షణంలో రీడింగ్ చూడండి.
5. 0.2 వోల్టుల లోపు ఉంటే ఎర్తు బాగుంది. 0.5 దాటితే తప్పకుండా శుభ్రం చేయాలి.
6. అదే పద్ధతిలో బ్యాటరీ పాజిటివ్‌కూ మోటరుకు కరెంటొచ్చే పిన్నుకూ మధ్య చూడండి. 0.5 దాటితే ఫ్యూజు సాకెట్, రిలే, కప్లరు ఒక్కొక్కటి వెతకాలి.

మోటరు కదలకుండా ఉన్నప్పుడు, కప్లరు ఊడదీసి చూస్తే 12 వోల్టులు చక్కగా కనిపిస్తాయి. తుప్పులోంచి కూడా మీటరుకు సరిపడా కరెంటు పోతుంది, మోటరుకు సరిపడా పోదు. "పన్నెండొస్తోంది, కాబట్టి మోటరే పోయింది" అన్న తప్పు తీర్పు ఇక్కడే పుడుతుంది.

కప్లరు పిన్నులు పచ్చబడితే కాంటాక్ట్ క్లీనరుతో కడిగి, ఆరనిచ్చి, కొద్దిగా డైఎలక్ట్రిక్ గ్రీజు రాసి పెట్టండి. వైర్ల పొడవునా ఎలుకకాట్లు వెతకండి. ఎనుమాముల మార్కెట్ చుట్టుపక్కల షెడ్లలో కారు పెట్టేవాళ్లకు ఇది నేను మొదటే చెబుతాను. ధాన్యం గోదాములున్నచోట ఎలుకలు బానెట్ కిందికి రాకుండా ఉండవు.

## 7. మోటరు లోపలి కాంటాక్టులు

లైటు ఆగకుండా ఆడుతున్నా, కరెంటు చక్కగా అందుతూ కూడా మోటరు ఉలకకపోయినా డబ్బా తెరవాలి.

బ్యాటరీ నెగటివ్ తీయండి. లింకును క్రాంకు నుంచి ఊడదీయండి. క్రాంకు చెయ్యి షాఫ్టు మీద ఏ కోణంలో ఉందో పెయింటుతో ఒక గీత పెట్టండి, ఫొటో తీయండి. ఆ గీత మర్చిపోతే తిరిగి బిగించాక లైటు సగంలో ఆగుతుంది. మీరు చేసిన మంచిపనంతా లోపంలా కనిపిస్తుంది.

మోటరు దింపి మూత స్క్రూలు విప్పితే గేరు, రాగి పట్టీలు, వాటి మీద రాసుకుంటూ పోయే చిన్న స్ప్రింగు కాళ్లు కనిపిస్తాయి. ముప్ఫై ఏండ్ల గ్రీజు గోధుమరంగుకు తిరిగి ఆ పట్టీల మీద వార్నిష్‌లా అతుక్కుని ఉంటుంది.

- ఆల్కహాల్‌లో తడిపిన గుడ్డతో తుడవండి. పెట్రోలు వద్దు, ప్లాస్టిక్ పాడవుతుంది.
- నల్లమచ్చలు పోకపోతే ఎమరీ పేపరుతో మెల్లగా, రాగి అరగకుండా.
- స్ప్రింగు కాళ్లు పట్టీకి ఆనుతున్నాయో లేదో చూడండి. చదునైపోతే ట్వీజర్‌తో వెంట్రుకవాసి లేపండి.
- గేరుకు తెల్ల లిథియం గ్రీజు. పట్టీల మీద పలుచటి పూత చాలు.
- మూత అంచు సీలు చీలితే మార్చండి. వానాకాలం నీళ్లు లోపలికి పోయేది అక్కడినుంచే.

బిగించేముందు మోటరు బయట ఉండగానే కప్లరు పెట్టి, బ్యాటరీ నెగటివ్ తిరిగి కలిపి, స్విచ్‌తో రెండుమూడుసార్లు తిప్పి చూడండి. క్రాంకు సగం చుట్టుకు ఆగాలి. ఇంత చేసినా కదలకపోతే, గుబ్బ తేలిగ్గా తిరుగుతూ ఉంటే, మోటరు లోపలి కార్బన్ బ్రష్షులు అరిగాయి లేదా వైండింగ్ (రాగితీగ చుట్ట) పోయింది. మోటరు కోసం వెతకడం అప్పుడు మొదలుపెట్టండి, అంతకుముందు కాదు.

## 8. లింకు, బుష్షులు, మూత సందు

లింకు రాడ్డు కొనల్లో గుండుబుడిపె, దానికి గిన్నెలాంటి ప్లాస్టిక్ బుష్షు ఉంటాయి. బుష్షు అరిగితే లేచిన లైటు గతుకుల్లో వణుకుతుంది. రాత్రిపూట దారిమీద వెలుగు ఎగురుతుంటే ముందు దీన్ని అనుమానించండి. లైటు పైన ఉండగా రెండు చేతులతో పట్టుకుని మెల్లగా ఊపితే ఎంత వదులుందో తెలిసిపోతుంది.

ఊడదీయడానికి చదును స్క్రూడ్రైవరుకు గుడ్డ చుట్టి తిప్పండి. సుత్తి వద్దు.

మూత సందు నాలుగు పక్కలా సమానంగా ఉందా చూడండి. ముందు ఎప్పుడైనా చిన్నగా తగిలిన కార్లలో ఒక మూల బానెట్‌కు ఆనుతుంది. మాస్కింగ్ టేపు అంటించి ఒకసారి లేపి దింపితే ఎక్కడ రాసుకుందో టేపు మీద గీతపడుతుంది. మూత బోల్టులు వదులుచేసి ఆ మేరకు జరపండి. కిందికి దిగినప్పుడు ఆనే రబ్బరు స్టాపర్లు చితికిపోతే మూత లోపలికి కుంగినట్టుంటుంది, అవీ చూసుకోండి.

## 9. లేచింది గాని వెలగట్లేదు

బల్బు వైరు లైటుతోపాటు ప్రతిసారీ వంగుతుంది. వేలసార్లు వంగాక తోలు బాగానే ఉండి లోపలి రాగి తెగుతుంది. లైటు వెలిగించి ఉంచి, పివట్ దగ్గర వైరును మెల్లగా కదపండి. మిణుకుమిణుకుమంటే దొరికినట్టే. తెగినచోట మెలిపెట్టి టేపు చుట్టకండి, మళ్లీ అక్కడే తెగుతుంది. వంగే భాగమంతా సన్నపోగుల మెత్తని వైరుతో మార్చి, కదలని చోట్ల టంకం వేసుకోండి.

ఎం.ఎక్స్-5కు ఉన్నది 7 అంగుళాల గుండ్రటి లైటు. పాత జీపు, అంబాసిడర్, బుల్లెట్ల కొలతే. వరంగల్‌లో స్పేర్ పార్టుల దుకాణాల్లో ఈ కొలత దొరుకుతుంది. కానీ వెనకవైపు లోతు పోల్చుకోకుండా కొనొద్దు. ముఖ్యంగా వెనక ఫ్యానున్న ఎల్‌ఈడీ బల్బులు లైటు దిగేటప్పుడు తగులుకుంటాయి. చేతిగుబ్బతో ఒకసారి దింపి చూశాకే మోటరుతో దింపండి.

90/100 వాట్ల బల్బులు వేయొద్దు. 60 వాట్ల బల్బు 12 వోల్టుల మీద 5 ఆంపియర్లు లాగుతుంది. వంద వాట్లది 8 దాటుతుంది. పాత వైరింగ్, పాత స్విచ్ ఆ వేడి తట్టుకోవు. ఎర్తు, వైరింగ్ బాగుచేస్తే 55/60 వాట్లకే వెలుగు చాలావరకు తిరిగొస్తుంది.

## 10. బిగించాక

- లైట్లను పదిసార్లు లేపి దింపండి. రెండూ కలిసి లేస్తున్నాయా, కలిసి ఆగుతున్నాయా?
- ఇంజిన్ ఆపి ఒకసారి, నడుస్తుండగా ఒకసారి.
- రబ్బరు టోపీ తిరిగి పెట్టారా?
- ఫ్యూజు సరైన రేటింగుదేనా?
- చదునైన నేల మీద గోడకు 25 అడుగుల దూరంలో కారు నిలిపి, డిమ్ వెలుగు పై అంచు లైటు మధ్య ఎత్తుకన్నా సుమారు రెండంగుళాలు కిందికి ఉండేలా సర్దండి. టైర్లలో గాలి ముందే చూసుకోండి.
- డిమ్ వెలుగు ఎడమవైపుకు ఎగబాకాలి. కుడివైపుకు ఎగబాకితే అది కుడిపక్క నడిచే దేశాల లైటు. మన దారుల్లో ఎదుటివాళ్ల కండ్లు చెదురుతాయి, మార్చాల్సిందే.

## 11. దారిలో చీకటి పడితే

కారు పూర్తిగా పక్కకు తీసి హజార్డ్ వేయండి. ఫ్యూజు పీకండి. రబ్బరు టోపీ తీసి గుబ్బ తిప్పి లైటును పూర్తిగా, క్రాంకు తాళం పడేదాకా లేపండి. సగంలో వదిలితే గతుక్కు దిగిపోతుంది. రెండోదీ అట్లాగే లేపండి. ఫ్యూజు బయటే ఉంచి లైట్లు వేయండి. రిట్రాక్టర్ ఫ్యూజు, బల్బు ఫ్యూజు వేరువేరు కాబట్టి వెలుగు వస్తుంది. ఇంటికెళ్లేదాకా దింపే ప్రయత్నం చేయొద్దు.

ఒక లైటుతో నెట్టుకొద్దామనుకోవద్దు. ఏటూరునాగారం దారిలో ఎదుటి లారీకి ఒంటికన్ను కారు బైకులా కనిపిస్తుంది.

ఇందుకోసం కారులో ఎప్పుడూ చిన్న టార్చి, ఫ్యూజు పీకే క్లిప్పు, రెండు స్పేర్ ఫ్యూజులు పెట్టుకోండి. గుబ్బ ఏ దిక్కుకు తేలిగ్గా తిరుగుతుందో పగటిపూట ఇంటి దగ్గరే ఒకసారి తిప్పి చూసి, బానెట్ లోపల పెయింటుతో బాణం గుర్తు వేసుకోండి. మా బావ కారులో తెల్లటి బాణం ఉంది. ఇప్పుడు మా చెల్లె కూడా చీకట్లో రెండు నిమిషాల్లో లేపుతుంది.

కారు వాడినా వాడకపోయినా వారానికోసారి లైట్లను నాలుగుసార్లు లేపి దింపండి. సర్వీసింగ్ సెంటర్‌లో ప్రెషర్ పంపు నీళ్లు ఆ గూటిలోకి కొట్టనివ్వొద్దు. లైట్లు లేపి, ఫ్యూజు పీకి, తడిగుడ్డతో తుడిపించండి. వానలు మొదలయ్యేముందు, అంటే మే ఆఖర్లో, రెండు ఎర్తు బోల్టులు విప్పి రుద్ది, బిగించి, పైన కొంచెం గ్రీజు రాయండి.